పాట చివరి మాట

శాన్ రామన్,
మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి నళినికి అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం. ఉత్తరంలో మొదట ఆ మాట రాయాలి కాబట్టి రాశాను, ఎంతవరకు నిజమో చదివాక నువ్వే చెప్పు. నువ్వూ, అల్లుడుగారూ, నీల్ బాబూ క్షేమమని తలుస్తాను. షాంటిలీలో మంచు పడుతోందని టీవీలో చూపించారు. చెవులకి టోపీ లేకుండా పిల్లాణ్ణి బస్సు దాకా పంపకు. రోడ్డు జారుతుంది, చెయ్యి పట్టుకో.

నీ ఉత్తరం అందింది. ఫోనుండగా ఉత్తరాలేమిటని మీ వదిన అనురాధ నవ్వింది. నవ్వనీ. ఈ ఇంట్లో ఫోనంటే స్పీకరే కదా. నేను హలో అనగానే హాల్లోంచి మీ నాన్న “ఎవులే అది?” అంటారు. గొంతుకే జబ్బు గానీ ఆయన చెవులు చక్కగా ఉన్నాయి. అందుకే పెరట్లో కుర్చీ వేసుకుని రాస్తున్నాను. మూడో తరగతి చదువు నాది, వత్తులు తప్పితే సర్దుకుని చదువుకో.

నువ్వడిగినవి చెప్తాను. మీ నాన్న తింటున్నారు, కానీ ముద్ద మింగేముందు కళ్ళు మూసుకుంటున్నారు. అది చూస్తే నాకు ముద్ద దిగదు. నా బీపీ మాత్రలకి వారాల పేర్లున్న డబ్బా మీ అన్నయ్య మోహన్ కొనిచ్చాడు, మరిచిపోవడం లేదు. డాక్టరమ్మ చెప్పింది మీ అన్నయ్య నీకు చెప్పే ఉంటాడు. గొంతులో కంతి తీయాలి. లోపల చూస్తే గానీ గొంతు మిగులుతుందో లేదో చెప్పలేనంది. ఆపరేషను ఈ గురువారం, పై గురువారం పోయాక వచ్చే గురువారం. పాటలు మొన్న శని ఆదివారాలతో ఆపెయ్యాలి, ఇక అందాకా పాట వద్దు, కేక వద్దు, అవసరమైన మాట మెల్లగా అనమంది. ఇంకా పాడితే ఆ కంతి చితికి నెత్తురు కారుతుందట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన దగ్గినా నేను లేచి నిలబడుతున్నాను. ఆపరేషనుకి ముందు రానా, తర్వాత రానా అని అడిగావు. నీ సెలవుల సంగతి నాకు తెలుసు. ఇబ్బంది పడకు, తర్వాతైనా పర్వాలేదు.

పాటలు పూర్తయ్యాయా అని కూడా అడిగావు. అయ్యాయి. ఆ సంగతి చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

తేజేశ్వర్ నీకు గుర్తున్నాడు కదా, మోహన్ స్నేహితుడు, మన విజయనగరం వైపు వాడే. వారమంతా సాఫ్ట్‌వేరు, శని ఆదివారాలు వాళ్ళ గ్యారేజీలో పాటల రికార్డింగు. దీన్నంతా మొదలుపెట్టింది వాడే. “బాబాయ్, ఈ దేశంలో కంట్రీ పాటలు పాడేవాళ్ళు ముసలైపోయాకే అసలైన ఆల్బం చేస్తారు. మోకాళ్ళ నొప్పుల మీదా, పెళ్ళాం మీదా, పిల్లల మీదా. మీరూ ఒకటి చెయ్యండి” అన్నాడు. “కంట్రీ అంటే ఏటి?” అన్నారు మీ నాన్న. “పల్లెటూరు బాబాయ్.” “అయితే నానే” అన్నారు.

యాభై ఏళ్ళు రేడియోలో, జాతరల్లో ఊరందరి పాటలూ పాడిన మనిషి ఇంటి మీద ఒక్క పాట కట్టలేదు. ఇప్పుడు కట్టారు. ఆల్బం పేరు ‘ఇంటివోళ్ళ పాటలు’. కట్టుడు పళ్ళ మీద ఒకటి. పక్క సీట్లో తండ్రిని కూర్చోబెట్టుకుని కారుతో, అంటే అందులోని ఫోనుతో, కబుర్లాడే కొడుకు మీద ఒకటి. అది విని మీ అన్నయ్య నవ్వాడు, తర్వాత స్నానాలగదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నీ జడ మీద కూడా ఉందే. నూనె రాసుకోనని ఇల్లంతా పరిగెత్తించేదానివి కదా, అది.

రికార్డింగుకి నన్నూ తీసుకెళ్ళేవారు. వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని మూల కూర్చునేదాన్ని. మొదటిరోజే తేజ “పిన్నీ, గాజులు తీసెయ్యండి, చప్పుడు మైక్‌లో పడిపోతోంది” అన్నాడు. మట్టిగాజులు, అదీ మొగుడికి ఆపరేషన్ ముందు, తీస్తానా? రెండు చేతులకీ తువ్వాలు చుట్టుకుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఊపిరి గట్టిగా వదిలితే అదీ పడుతుందేమోనని భయం.

చివరి పాటతో వచ్చింది తంటా. నా మీద కట్టిన పాట అది.

కంచం కడిగీసినాను, మంచం ఎత్తీసినాను,
పంచె దులిపీసినాను, పోతన్నాను పిల్లా, పోతన్నాను.

ఏం మాటే అది? కొట్టుకెళ్ళి ఉప్పు తెచ్చేవాడైనా ‘ఎల్లొస్తాను’ అంటాడు. పోతన్నాను అని ఎవరంటారు? పోయేవాళ్ళంటారు. కారులో ఇంటికి వస్తూ అడిగాను, “ఏటండీ ఆ మాట? ఆపరేషనుకి వెళ్ళబోతూ నోటితో అనుకుంటారా?” అని. “పాటలో అబద్ధమాడితే గొంతు పట్టీస్తాదే. ఈపాలి వెళ్తే మళ్ళీ వచ్చేదేటి?” అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఇప్పుడు అసలు మాట రాస్తాను. మోహన్‌కి చెప్పలేదు, అనురాధకి చెప్పలేదు.

ఆ పాట ఆయన రెండుసార్లు పాడారు. మొదటిసారి నోరు జారి “ఎల్లొస్తాను పిల్లా, ఎల్లొస్తాను” అనేశారు. పుట్టినప్పటి నుంచి గుమ్మం దాటుతూ అన్న మాటాయె, నాలిక దానంతటదే తిరిగింది. నుదురు కొట్టుకుని, మళ్ళీ పాడి, పోతన్నాను అనే మాట ఖాయం చేశారు. మర్నాడు మా ఫ్లాస్కు తిరిగివ్వడానికి తేజ వచ్చినప్పుడు వాణ్ణి వాకిట్లోనే పట్టుకున్నాను.

“ఆ నోరు జారిన పాట నీ దగ్గరుందా?”

“ఉంది పిన్నీ.”

“అదే ఉంచు. రెండోది చెరిపెయ్యి.”

“పిన్నీ, బాబాయ్ ఓకే చేసిన టేక్ అది. డిలీట్ చేస్తే ఇంక దొరకదు. మళ్ళీ పాడిద్దామన్నా...” అని ఆగిపోయాడు.

“అందుకే చెరిపెయ్యమంటున్నాను. ఆ మాట నీ మిషన్లో ఉన్నంతసేపూ నాకు ఊపిరాడదు.”

వాడు ఒప్పుకోలేదు. వాడి చెయ్యి నా నెత్తి మీద పెట్టుకున్నాను. నా ముందే ఫోన్లో ఏదో నొక్కి “పోయింది పిన్నీ” అన్నాడు. నా మొహంలోకి చూడకుండా వెళ్ళిపోయాడు.

అదే నేను చేసిన పని. గండం తప్పించానని ఒక పూట సంతోషంగానే ఉన్నాను. నిన్న భోజనాల దగ్గర అదీ పోయింది. పాటలకి ఇంగ్లీషు అర్థాలు రాసే పని నీ మేనకోడలు అవనికిచ్చాడు తేజ. అది అన్నం ముందు కూర్చుని “తాతా, ఎల్లొస్తాను మీన్స్ గోయింగా, కమింగా? ఒక్కటే చెప్పు, రెండూ కాదు” అంది.

“నా పాటలో ఆ మాట లేదమ్మా.”

“ఉంది తాతా! ఐ హర్డ్ ఇట్. లాస్ట్ లైన్.”

నేను చారు వడ్డిస్తూ, “దానికి తెలుగు సరిగ్గా తెలీదు, ఏదో విని ఏదో అనుకుంది” అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని లేచిపోయింది. నేర్చుకుందామని అడిగిన పిల్ల మీద అబద్ధం పెట్టాను. మీ నాన్న మాత్రం నా మొహమే చూస్తూ కూర్చున్నారు.

నళినీ, ఏం చెయ్యనే? చెప్తే, డాక్టరమ్మ వద్దన్నా ఆయన మళ్ళీ పాడతారు. గొంతులోంచి నెత్తురొచ్చినా పాడతారు, అదీ ఆ మాటే. చెప్పకపోతే, గొంతు పోయాక ఎప్పుడో ఆ పాట వింటారు. కాదనడానికి నోరుండదు. రెండో దానికి నేను తెగించగలనా? కాగితం తడుస్తోంది, ఆపుతున్నాను.

శుక్రవారం.

ఇది నీకు పంపి, జవాబు వచ్చేదాకా ఆగలేకపోయాను. ఉత్తరం పోస్టులో వెయ్యకపోవడమే మంచిదైంది, మిగతాది కూడా రాస్తున్నాను.

నిన్న పగలు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆయన కిటికీ దగ్గర కూర్చుని నారింజ వలుస్తున్నారు. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. తొన చేతిలోనే ఉండిపోయింది.

“సెరిపించీసినావా?”

“ఊఁ.”

తొన పళ్ళెంలో పెట్టి, బూట్లు వేసుకుని తలుపు తీశారు. ఎల్లొస్తాననలేదు, పోతన్నాననీ అనలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి గుమ్మం దగ్గర ఏ మాటా అనకుండా ఆయన వెళ్ళడం అదే మొదలు. ఫోను సోఫాలోనే ఉంది. వెనక కొండ మీదికెళ్ళి ఒక్కరూ పాడుతున్నారేమోనని పోస్టుడబ్బా దగ్గర నిలబడి చెవులు రిక్కించాను. గాలి తప్ప ఏం వినపడలేదు. మోహన్‌కి ఫోన్ చేద్దామంటే ఏమని చెప్పను?

ఎంతసేపటికో తేజ కారొచ్చి ఆగింది. ముందు సీట్లో మీ నాన్న, వాళ్ళింటికే నడిచి వెళ్ళారట. అద్దం దించి “ఎక్కు” అన్నారు.

“నా మీద ఒట్టు, పాడకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“నాను పాడను. నువ్వు పాడతావు.”

గ్యారేజీలో తేజ ఆ పాట పెట్టాడు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఎల్లొస్తాను దగ్గర కనుబొమ్మ కదిలింది, అంతే. అయిపోయాక మెల్లగా అన్నారు, “గొంతు నాదే. నోరూ నాదే. అబద్ధమనలేను. ఉండనీ.”

నేను దణ్ణం పెట్టబోయాను. “ఉండవే, పాట అవలేదు. ఎల్లొస్తానన్నోడికి గుమ్మంలో నిలబడ్డోలు ఏటనాల?”

“ఎల్లిరా అనాలి.”

“మరను. నువ్వు ఆ మాటనకపోతే నాను గుమ్మంలోనే నిలబడిపోవాలా?”

తేజ మైకు నా ముందుకి జరిపాడు. ఒక్క మాట కదా అనుకుంటావు. రోజూ మీ అందరికీ అన్న మాటే. రాలేదే నళినీ. పోతన్నానంటే ఆయన పాటికి ఆయన వెళ్ళిపోయేవారు, నన్నడిగే పని లేదు. ఎల్లొస్తానంటే నన్ను అడిగినట్టు. అడిగించింది నేనే, సెలవివ్వాల్సిందీ నేనే. పాట తిరుగుతోంది, ఆ చోటొస్తోంది, దాటిపోతోంది. తేజ మళ్ళీ వెనక్కి తిప్పుతున్నాడు. మీ నాన్న నన్ను తొందరపెట్టలేదు. నారింజ వాసన వేస్తున్న చెయ్యి నా చేతి మీద పెట్టారు. ఈసారి ఆ చోటు రాగానే “ఎల్లిరా” అన్నాను. పాట కాదది, గుమ్మంలో అన్నట్టే అన్నాను.

“పిన్నీ, గాజుల చప్పుడు పడింది. తువ్వాలు చుట్టుకుని ఇంకొక్కసారి...” అన్నాడు తేజ.

“ఉండనీరా” అన్నారు మీ నాన్న. “అవీ ఇంటివోళ్ళే.”

ఇంటికొచ్చి అవనికి అంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. పకోడీలు వేసి పెట్టాను. తింటూ “నానమ్మా, దీనికి ఇంగ్లీష్ లేదు. ఐ విల్ జస్ట్ లీవ్ ఇట్” అని ఆ రెండు మాటలూ అలాగే ఉంచేసింది.

ఇప్పుడు పైన రాసిన ఒక మాట కొట్టెయ్యి. తర్వాతైనా పర్వాలేదన్నాను చూడు, అది. ముందే రా. ఆ గురువారం లోపలికి తీసుకెళ్ళేటప్పుడు ఆయన నా వైపు తిరిగి ఎల్లొస్తానంటారు. ఆ గొంతుతో అదే చివరి మాట కావచ్చు. గ్యారేజీలోలాగా వెనక్కి తిప్పి మళ్ళీ అనిపించడానికి అక్కడ తేజ ఉండడు. చిన్నప్పుడు మీ నాన్న పాటకి పీట మీద నిలబడి వంత పాడేదానివి. నా నోట మాట రాకపోతే, నువ్వు అందుకో.

విమానం ఎక్కేముందు అల్లుడుగారికీ నీల్‌కీ ఎల్లొస్తానని చెప్పి, వాళ్ళు ఎల్లిరా అన్నాకే గుమ్మం దిగు.

ఇట్లు,
నీ కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్న
మీ అమ్మ.