చప్పుడు లేని చప్పట్లు

ఇన్‌స్పెక్టరుగారికి, చిన్నపిల్లల తరగతి టీచరు నమస్కరించి రాసుకుంటున్న మనవి.

పోయినవారం బడి తనిఖీకి వచ్చినప్పుడు మీరు మా పిల్లలకి పాట పాడారు. ఒక చరణం కాగానే అందరూ రెండు చేతులూ పైకెత్తి ఆడించారు. టాటా చెబుతున్నారనుకుని మీరు లేచి వెళ్ళిపోయారు. పైగా "పిల్లలకు మర్యాద తెలియదు" అని రిపోర్టులో రాశారు.

అయ్యా, అవి చప్పట్లండీ! మా తరగతిలో ఒక పాపకి గట్టి చప్పుడు పడదు. ఎవరు చప్పట్లు కొట్టినా చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేది. ఒకరోజు పక్కనే కూర్చునే మా బుడంకాయగాడు తనూ బల్ల కిందికి దూరి, "ఇలా కొడితే సరేనా?" అని చేతులు గాల్లో ఆడించి చూపించాడు. పాప నవ్వింది. అంతే, తరగతంతా అదే పట్టుకుంది. నేను నేర్పిందేమీ లేదు. ఇప్పుడు నేను మర్చిపోయి చప్పట్లు కొడితే, నోటిమీద వేలేసుకుని నాకే కళ్ళెర్రజేస్తున్నారు.

మీ పాటకి అందరికన్నా ముందు చేతులెత్తింది ఆ పాపే. కొత్తవాళ్ళొస్తే బల్ల కిందినుంచి బయటికే రాని పిల్ల! ఇప్పుడు రోజూ గుమ్మం దగ్గర నిలబడి, "పాట మామయ్య ఏడీ?" అని నా ప్రాణం తీస్తోంది.

రిపోర్టు మార్చమని అడగను, అది మీ ఇష్టం. రెండో చరణం మాత్రం వచ్చి పాడండి. ఈసారి పిల్లలు చేతులూపితే, దయచేసి కూర్చునే ఉండండి.