గేటు మారింది, పదండి పదండి!

అమ్మాయి ఇంటికి క్షేమంగా చేరాను, బెంగ పెట్టుకోకు. "ఎయిర్‌పోర్టులో తప్పిపోతారండీ" అన్నావుగా, విను. గేటు దగ్గర అందరూ ఫోన్లలో తలలు దూర్చి కూర్చున్నారు. ముప్ఫై ఏళ్లు కండక్టరు చేసిన ప్రాణం ఊరుకుంటుందా? లేచి బోర్డు చూస్తే, మా విమానం గేటు మారిపోయింది! "పన్నెండు కాదు, నలభై! సామాన్లు చూసుకోండి, పదండి పదండి!" అని బస్టాండులో అరిచినట్టే అరిచాను. సూటు వేసుకున్న పెద్దమనిషితో సహా అందరూ నా వెనకే పరుగు. తలలు లెక్కపెట్టి, ఆఖరున నేనెక్కి, అలవాటుకొద్దీ "రైట్ రైట్" అన్నాను. ఎయిర్‌హోస్టెస్ నవ్వి, "కూర్చోండి అంకుల్, పోనిస్తాం" అంది.

నీళ్ల మోటారు బాగయిందా? మోకాళ్ల మాత్రలు మానకు. "విమానంలో దేనికండీ" అని సంచిలోంచి తీసేశావే నా విజిల్, అది మన చిన్నాడు ఇటొచ్చేటప్పుడు వాడితో పంపు. తిరుగు ప్రయాణంలోనూ జనం ఉంటారు కదా.

ఆశీస్సులతో,
నీ కండక్టరు