హరించని కర్పూరం

తెనాలి

ప్రియమైన తమ్ముడు ప్రసాదుకి,

ఆ ఉదయం రోజూలాంటిదే. నందివర్ధనాలు కోసి దేవుడి ముందు పెట్టాను. పెసరట్టు పిండిలో అల్లం నూరి కలిపాను. పాలు పొంగే వేళకి రేపల్లె నుంచి మీ కంపెనీ వాళ్ళ ఫోను. సముద్రం అడుగున పైపుల పనిలో ఉన్నవాడివి ఒక్కసారిగా పైకి తేలావట. రక్తంలో గాలి బుడగలు చేరి కాళ్ళు పడిపోయాయట. విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్తూ, సిలిండరు మార్చడానికి తెనాలిలో ఆగుతామన్నారు.

వ్యానులో నువ్వు పొడవాటి గొట్టంలాంటి సంచిలో పడుకుని ఉన్నావు. నీళ్ళ అడుగున ఉన్నంత ఒత్తిడి దారి పొడుగునా అందులో పట్టి ఉంచుతారట. నాకేం తెలుసు? దిష్టి తీద్దామని పళ్ళెంలో కర్పూరం పెట్టి అగ్గిపుల్ల గీయబోయాను. నర్సమ్మాయి చేయి పట్టుకుంది. "పిన్నిగారూ, నిప్పు వద్దండి. ఇక్కడంతా ఆక్సిజనండి."

వెలిగించకుండానే తిప్పాను. చిన్న కిటికీలోంచి నువ్వు నవ్వావు.

ఫోనులో అడిగితే నవ్వించి దాటేస్తావు. అందుకే రాస్తున్నాను. కాళ్ళెలా ఉన్నాయి? నీ పెళ్ళి దగ్గరపడింది. బాపట్ల వాళ్ళకి ఏం చెప్పను?

నీ భారం దేవుడిమీద వేసిన
అక్కయ్య దుర్గాంబ

విశాఖపట్నం

ప్రియమైన అక్కయ్యా,

నువ్వు ఆ పుల్ల గీసుంటే దిష్టితోపాటు నేనూ పోయేవాణ్ణి.

దారిలో ఆ సంచి లేకపోతే రెండు కాళ్ళూ దక్కేవి కావన్నారు డాక్టరు. కుడికాలు కదిలింది. ఎడమది ఇంకా నాది కానట్టే ఉంది. శ్రీజ ఒప్పుకున్నది సముద్రంలో దిగేవాణ్ణి, మంచం పట్టినవాణ్ణి కాదు. ఈ సంబంధం వదులుకోమని వాళ్ళ నాన్న శేషగిరిరావు మావయ్యగారికి నువ్వే మెల్లగా చెప్పు. నాకు నోరు రావడం లేదక్కా.

నీ ప్రసాదు

తెనాలి

ప్రియమైన ప్రసాదూ,

నువ్వు చెప్పమన్నది నేను చెప్పలేదు. నీ ఉత్తరం బాపట్ల తీసుకెళ్ళి శ్రీజ చేతికే ఇచ్చాను. చదువుకుని లోపలికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నేను దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చున్నాను.

చేతిలో బట్టల సంచితో వచ్చింది.

"వదినా, విశాఖ బండి ఎన్నింటికి?"

"ఏంటమ్మా, పెళ్ళికాకుండానే?" అన్నారు మావయ్యగారు.

"మీరూ రండి నాన్నా. పెళ్ళికొడుకు ఆ గాలిసంచి పల్లకీ ఎక్కి ఊళ్ళు దాటాడు. ఎదురుకోలుకి ఆడపిల్లవాళ్ళం మనం వెళ్ళొద్దా?"

ఆయన నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. ముహూర్తం మారదు. నువ్వు పీటల మీద కూర్చోలేకపోతే ఇద్దరికీ కుర్చీలు వేయిస్తాం. వాళ్ళిద్దరూ రేపు బయలుదేరి ఈ ఉత్తరంతోనే నీ దగ్గరికి వస్తున్నారు. కాదనకు.

ఆనాటి కర్పూరం బిళ్ళ హరించుకుపోకుండా మిరియాలు వేసి డబ్బాలో దాచాను. మీరిద్దరూ మన గుమ్మంలో నిలబడిన రోజున వెలిగిస్తాను.

అక్కయ్య