అమ్మీ ఢోలక్ పాట

బెల్లంపల్లి,
9 నవంబర్ 2024.

కరీంనగర్‌ల పెద్ద గాయని అయి కూసున్న మంజులకు, చిన్ననాటి దోస్తు ఖుర్షీద్ ఆదాబ్.

ఇక్కడ మేమందరం మంచిగనే ఉన్నం. నువ్వెట్లున్నవని అడిగే పనే లేదు. ఫోన్ తెరిస్తె నీ మొఖమే, ఆటో ఎక్కితె నీ గొంతే. మొన్న మార్కెట్ల టమాటలమ్మే ఆమె గుడ నీ పాటే కూనిరాగం తీసుకుంట తూకమేస్తుంది. నాకెంత మండిందంటె, టమాటలు తీసుకోకుండనే ఇంటికొచ్చిన.

ఫోన్ చెయ్యొచ్చు గద అంటవేమో. చేసి చూసిన గద! రంజాన్ అయినంక ఒకపారి, గా పాట ఎక్కడిదే అని అడిగితె నవ్వి, మీ ఆయన బీపీ ఎట్లుందని మాట మార్చినవ్. ఆయన బీపీ మంచిగనే ఉంది, నాదే పెరుగుతుంది. అందుకే రాస్తున్న. కాగితం ముందర నీ నవ్వులు నడువయి.

ఆ బాణీ మా అమ్మీది. నీకు తెల్వదా? బొగ్గుబాయి క్వార్టర్లల్ల మీ ఇంటికి మా ఇంటికి నడుమ ఒక్కటే గోడ. మీ బాపు, మా అబ్బా ఒకే షిఫ్టుకు బాయిల దిగెటోళ్లు. మా ఇండ్లల్ల పెండ్లంటె ఆడోళ్లం ఒక అర్రల కూసోని, తలుపుకు పర్దా కట్టి, ఢోలక్ ముందరేసుకొని పాడుకుంటం. మొగోళ్లను లోపలికి రానియ్యం. వియ్యపురాలిని ఆటపట్టిచ్చుడే ఆ పాటల పని. ఆమె నడక, ఆమె పాన్‌దాన్, ఆమె పిసినారితనం, ఏదీ వదిలిపెట్టం. అమ్మీ ఢోలక్ మీద చెయ్యేస్తె పెండ్లికొడుకు తల్లి సుత కడుపు పట్టుకొని నవ్వేది. నేను పక్కన కూసోని ఢోలక్ కట్టె మీద చెంచతోని తాళమేసేదాన్ని. నువ్వు నా ఎనుక కూసోని చప్పట్లు కొట్టేదానివి. ఉత్త చప్పట్లే, యాదికుంచుకో.

ఇప్పుడేమో ఆ వియ్యపురాలి పాటను బావ కోసం ఎదురుచూసే పాట చేసినవ్. ఢోలక్ తీసేసి డప్పు పెట్టిచ్చినవ్. పత్తి చేన్ల ఎర్ర చీర కట్టుకొని తిరిగినవ్. చీర మంచిగనే నప్పింది, అదింకా బాధ నాకు. అన్నిటికంటె కడుపు మండింది ఎక్కడంటె, పాట కింద బాణీ: జానపదం అని రాసినవ్ చూడు, అక్కడ. ఏమే, మా అమ్మీ జానపదమా? బతికే ఉన్నది! నా ఇంట్లనే పొద్దుగాల్ల చాయ్‌ల పావ్ ముంచుకొని తింటుంది!

ఇంక మొన్నటి సంగతి విను. మా భాయ్ బిడ్డ యుమ్నాకు పెండ్లి కుదిరింది. పసుపు పెట్టే దినం అందరం కూడినం. పర్దా కట్టిన్రు, ఢోలక్ నా ఒళ్లెకొచ్చింది. అమ్మీకి ఈ మధ్యల ఉబ్బసం ఎక్కువై పాడుతలేదు, నేనే అందుకున్న. నాలుగు మాటలు పాడిన్నో లేదో, పోరిలంత పకపక నవ్వుడు. ఫూఫీ యూట్యూబ్ పాట కాపీ కొడుతుంది, ఆగుండ్రి అసలుదే పెడుదం అని యుమ్నా లేచింది. మా అమ్మీ పాట నేను కాపీ కొట్టిన్నట మంజులా! ఫోన్ను స్పీకర్‌కు తగిలిచ్చి నిన్ను పెట్టుకొని, పెండ్లిపిల్లతోని సహా అందరు ఎగిరిన్రు. నేను ఢోలక్ పక్కకు పెట్టి, వంటింట్లకు పోయి ఉల్లిగడ్డలు కోసిన. ఏడ్వడానికి ఏదో ఒక సాకు కావాలె గద.

నీ మీద నాకు కుళ్లే. దాచుకునుడెందుకు? బడిల మనిద్దరిట్ల నా గొంతే మంచిదని సార్లందరు అనేటోళ్లు. నువ్వు పర్దా అవతలికి పోయి పాడినవ్, నేను ఇవతల్నే ఉండిపోయిన. మా వోళ్లు పంపకపోదురు, నిజమే. కాని నేను అడిగి చూసింది గుడ లేదు. ఆ సంగతి గుర్తొస్తె నీ మీద కోపం ఇంకింత ఎక్కువైతది, ఎందుకో నాకే తెల్వదు.

సరే, పేరు నువ్వే తెచ్చుకో. ఎర్ర చీర నువ్వే కట్టుకో. అమ్మీది మాత్రం అమ్మీకియ్యి. పాట కింద బాణీ: హాజ్రా బీ, బెల్లంపల్లి అని రాయి. వచ్చే శుక్రారం జుమ్మా దాక చూస్త. రాయకపోతె నా కొడుకు అవేజ్ ఆ ఛానల్ మీద ఫిర్యాదు పెడుతడు, పాట తీసేపిస్తడు. దొంగపాట అని నలుగురికి తెలిస్తె అప్పుడు నవ్వు, చూస్త.

ఇంట్ల అందరికి సలాం చెప్పు. పిల్లలను అడిగిన్నని చెప్పు.

నీ మీద మస్తు కోపంతోని,
ఖుర్షీద్.

మళ్ల రాస్తున్న:

కవరు అంటిచ్చే ముందర ఈ ఉత్తరం అమ్మీకి చదివి వినిపిచ్చిన, మెచ్చుకుంటదనుకొని. ఆమె నా మీదనే గరమైంది. పేరు రాపిస్తె ఖబడ్దార్ అన్నది. పర్దా లోపల పాడుకున్నదాన్ని, ముక్కు మొఖం తెల్వని మొగోళ్లు నా పేరు పట్టుకొని కామెంట్లు రాస్తరా అని ఒకటే లొల్లి. పోయిన ఏడు నేనింట్ల లేనప్పుడు నువ్వొచ్చి, ఆమె పక్కన కూసోని అడిగి నేర్చుకున్నవట గద! పేరు రాస్తనని నువ్వంటె ఆమెనే వద్దని ఒట్టేపిచ్చుకున్నదట. నాకు తెలిస్తె అలుగుతనని నాకు గుడ చెప్పొద్దన్నదట. నువ్వు చెప్పనే లేదు.

ఇంకోటి. నీ పాట నేనెన్నడు మొదటి చరణం దాటి వినలే, మంటకు. ఇయ్యాల అమ్మీ పెట్టిపిచ్చుకొని ఆఖరిదాక విన్నది, నేను గుడ విన్న. ఆఖరి చరణంల బాణీ కిందికి దిగి, జర ఆగి, మళ్ల లేస్తది. నేనెప్పుడు వినని బాణీ. ఇదెక్కడిదని అడిగిన. నన్ను అత్తగారింటికి సాగనంపినంక నా మీద కట్టుకున్న చరణమట. నా ముందర పాడితె నేను ఏడుస్తనని పాడలేదట. నువ్వు మాటలు మార్చినవట, అసలు మాటలు చెప్పమని అమ్మీని బతిమిలాడిన. ఊపిరి అందుతలేదు, మంజులకు నేర్పిన, పోయి దాన్నే అడుగు అన్నది.

మా అమ్మీ నా మీద కట్టిన చరణం నీకొచ్చు, నాకు రాదు. నా కుళ్లు తగ్గిందనుకోకు, రెండింతలైంది. జుమ్మా అయినంక వచ్చే ఆదివారం పొద్దుటి బస్సుకొస్తున్న, ఇంట్లనే ఉండు. ఆ చరణం నాకొచ్చేదాక నీ ఇంట్లకెల్లి కదల.