యాదయ్యన్న మాట

దబీర్‌పురా, 1981. మంగళవారం రాత్రి.

పాల యాదయ్యన్న ఇల్లు అమ్మేశాడు. మధ్యాహ్నం బర్రెలను లారీ ఎక్కిస్తుంటే చూశాను. మతకల్లోలాల కర్ఫ్యూలో వాటికి దొంగచాటుగా గడ్డి మోసిన ఖాదర్ భాయ్ ఖాళీ చెంబుతో నిలబడి, "రేపటి సంది నల్లచాయే భాయ్" అన్నాడు.

కర్ఫ్యూ ఎత్తేసిన రోజు గల్లీ అందరి ముందు "ఎవలు పోయినా నేను పోను, రాస్కో తమ్మీ" అన్నది ఈ యాదయ్యన్నే. మా పేపర్లో పేరుతో సహా రాశాను.

"బేరం ఎప్పుడయిందన్నా?"

"అప్పటికే నడుస్తుండె తమ్మీ. ఎవ్వరు పోతలేరని నువ్వు పేపర్ల రాయంగనే రేటు పెరిగింది. నీ పున్నెమే." నవ్వుతూనే చెప్పాడు.

సాయంత్రం ఎదురింటి మరియమ్మక్క ఆ పేపర్ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. "గిది సదివే మా ఇల్లు కొననీకొచ్చినోణ్ణి ఎల్లగొట్టినం. ఇప్పుడు మేమొక్కళ్లమే ఉండాల్నా? ఏం రాస్తవిప్పుడు?"

యాదయ్యన్న మాటలో నేను అక్షరం మార్చలేదు. ఆమెకు అదే చెప్పబోయి ఆగిపోయాను. ఇంకెవరైనా అయితే, రాసేముందు ఇల్లు బేరం పెట్టావా అని అడిగి ఉండేవాణ్ణి. అన్న కదా అని, అతన్ని మాత్రం అడగలేదు.