విమానం పోయేదాకా

పాల్మాకుల

బుచ్చయ్యన్నా,

ఫోన్ చేయడానికి మొహం చెల్లక ఇది రాస్తున్నాను.

మొన్న మన భాగోతంలో నువ్వు కాటికాపరివైన రాజువి, నేను నీ రాణిని. నీ కాళ్ల దగ్గర కూలబడి ఏడుస్తుంటే నెత్తిమీదికి విమానం వచ్చింది. ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి మన మేళానికి అలవాటే కదా, మోత పోయేదాకా ఎక్కడివాళ్లం అక్కడ కదలకుండా ఉండడం. మోత పోయింది, హార్మోనియం అందుకుంది. నా మోకాళ్లు మాత్రం లేవలేదు.

రాణిని గుర్తుపట్టకూడని నువ్వు చేతికర్ర పడేసి, "లే తమ్మీ, జర నా భుజం పట్టుకో. మోకాళ్లు పట్టినయా?" అన్నావు. మైకులో ఊరంతా విన్నది.

నీ మీద కోపం లేదన్నా. నవ్వినవాళ్లనూ ఏమీ అనను. కానీ ఇన్నేళ్లూ నేను ఏడిస్తే తనూ ఏడ్చిన మా వదిన, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది చూశాను.

చీర, సవరం, గాజులు మూటగట్టి పంపుతున్నాను. ఎవరికైనా ఇవ్వు. ఆడవేషం కోసం ఎన్నడూ ఉంచుకోని మీసం ఇప్పుడు పెంచుతున్నాను.

సంతలో ఎదురుపడితే, ఇన్నేళ్లూ ఆటలో కాటికాడ చేసినట్టే చెయ్యి. నన్ను గుర్తుపట్టకు.

నీ తమ్ముడు