సాలువా పెరట్లో గాజుపెట్టె

న్యూ సెటిల్‌మెంట్, సోమవారం

పెద్దమ్మకు ఏంజలిన్ నమస్కారాలు.

ఈ ఉదయం మా కిటికీ అద్దానికి నా ఊపిరి తగిలి ఆవిరి పట్టింది. మీ పెరట్లో మా కాలేజీ వాళ్లం పెట్టిన గాజుపెట్టె గుర్తొచ్చింది. నీకు ఫోన్‌లో సరిగా వినబడదు కనుక శామ్ మావయ్య సైకిలు మీద ఈ చీటీ పంపుతున్నాను.

ఆ పెట్టె మీ నేలా, గడ్డీ పీల్చే గాలినీ వదిలే గాలినీ కొలిచి, అంకెలు ఇక్కడి మా కంప్యూటర్‌కు పంపుతుంది. ఎండలో గడ్డి బొగ్గుపులుసు వాయువును పీల్చుకోవాలి. నాలుగు శనివారాలుగా మధ్యాహ్నం పూట పీల్చుకోవడం లేదు. మామూలుగా నేల వదిలేదానికి పది రెట్లు వదులుతోంది! అంకె చూసి మా ప్రొఫెసర్ త్రివిక్రమ్ సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. పెట్టెను ఎవరైనా కదిపారా?

నీ ఏంజలిన్

తా.క. శుక్రవారం కాలేజీలో యాభై మంది ముందు ఈ లెక్కలు నేనే చదవాలి. హాజరు పిలిస్తే పలకడానికే నాకు గొంతు రాదు.

సాలువా, మంగళవారం

అమ్మడూ, ప్రభువు నిన్ను సల్లగా సూడాలి.

నీ సీటీ సదివి గుండె ఝల్లుమంది. ఏటి, మా గడ్డి గాలి వదిలేస్తందా? ఒట్టు పెట్టకూడదు గానీ, పెట్టెని నాను కదపనేదు. మూత దానంతటదే లేస్తాది, పడతాది. మీ పెదనాన్న లోకో షెడ్‌లో ఉన్నప్పుడు ఆ పెరట్లోనే గొయ్యి తీసి బొగ్గు పూడ్సినారు. అదేమో? గురువారం పొద్దున్న ఇంట్లో ప్రార్థనకి పాస్టరు గారిని పిలిసినాను.

మీ పెద్దమ్మ ఎలీసమ్మ

తా.క. శామ్ నీ సీటీ దారిలో సదివేసినాడు. మా పెరట్లో గేసు పడిందని సాలువా కేంపంతా సెప్పినాడు. పక్కింటి దీదీ అప్పుడే కనెక్షన్ అడిగింది.

న్యూ సెటిల్‌మెంట్, బుధవారం

పెద్దమ్మకు,

గొయ్యి సంగతి వినగానే సార్ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. రేపు పొద్దున నలుగురు పారలతో వస్తారు. ఈ మధ్యాహ్నం అంకె ఇరవై రెట్లకు చేరింది. శనివారం కూడా కాదు! ఇవాళ అక్కడ ఏం జరిగింది? ఉన్నదున్నట్టు రాయి. తప్పు లెక్క చదివితే అది నా పేరు మీదే ఉండిపోతుంది.

ఏంజలిన్

తా.క. వంగమొక్కలు కూడా తవ్వుతారట. క్షమించు.

సాలువా, గురువారం

అమ్మడూ,

పారలోళ్లు వచ్చినారు. వంగమొక్కలు పోనాయి. బొగ్గు నేదు. మీ పెదనాన్న పూడ్సింది పక్కింటోళ్ల జాగాలోనట, ఇప్పుడు సెప్తన్నారు.

నిన్న ఏటి జరిగిందంటావా? ఏటీ జరగనేదు. ప్రార్థనకి ఇరవై మంది వస్తారని ఇడ్లీపిండి రెండింతలు రుబ్బినాను. ఈ సలికి బయట పొంగదు కదా. శనివారాల్లో లాగే మూత లేసినప్పుడు గిన్నె లోపల వెచ్చగా పెట్టినాను. పెట్టెని మాత్రం ముట్టుకోనేదు.

పెద్దమ్మ

తా.క. మంచి పెట్టె తెచ్చినావు. తీసుకెళ్లిపోకు.

న్యూ సెటిల్‌మెంట్, గురువారం సాయంత్రం

పెద్దమ్మకు,

నీ చీటీ మూడుసార్లు చదివాను. పొంగే పిండి వదిలేది కూడా ఆ వాయువునే. నెల రోజులుగా నీ గిన్నె ఊపిరిని నేలకు అంటగట్టాను.

సార్ గదికి వెళ్లి చెప్పేశాను. గొంతు వచ్చింది. ఆయన గిన్నె ఉన్న రోజులు కొట్టేసి, మిగిలినవి రేపు చదవమన్నారు. ఇక నుంచి పెట్టెకు తాళం. నీ పిండికి పాత దుప్పటి పంపుతున్నాను.

నీ ఏంజలిన్

తా.క. "ఇంతకీ వారం వారం అన్ని ఇడ్లీలు ఎవరు తింటారు?" అని సార్ అడిగారు. అక్కడ మళ్లీ గొంతు పోయింది. ఆదివారం చర్చి దగ్గర నువ్వు కట్టి ఇచ్చేవి నేను తినడం లేదు పెద్దమ్మా. సోమవారం నా డబ్బాలో అవే తెస్తే, తినేది ఆయనే.